మా అటకలో కురిసిన వాన

2021 ఫిబ్రవరి చివర్లో ఒక మధ్యాహ్నం. బయట ఎండ ఫెళఫెళా కాస్తోంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. మా అమ్మ మేడమీద గదిలోంచి పిలిచింది: "నాన్నా, ఇంట్లో వాన పడుతోంది, ఒకసారి రా."

వెళ్లి చూస్తే నిజమే. సీలింగ్ లైటు అంచు నుంచి చుక్కా చుక్కా కార్పెట్ మీద పడుతోంది. అమ్మ అప్పటికే కింద ఒక గిన్నె పెట్టేసింది, పెంకుటింట్లో నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి కదా. "పెంకు జరిగినట్టుంది, ఎవరినైనా ఎక్కించి సరిచేయించు" అంది. ఈ దేశంలో ఇంటి మీద పెంకులుండవని, తారు పూసిన షింగిల్స్ ఉంటాయని చెప్పే ఓపిక నాకు ఆ క్షణంలో లేదు. ముందు ఆ లైటు బ్రేకర్ ఆపేశాను.

మేముండేది అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్ దగ్గర ఒక శివారు ఊళ్లో. ఇల్లు 1988లో కట్టింది, మేము 2017లో కొన్నాం. నిజానికి ఆ నీళ్లు మాకు కొత్త కాదు. అంతకు రెండేళ్ల ముందు, 2019 జనవరి 30న, ఇక్కడ ఉష్ణోగ్రత మైనస్ 28 ఫారన్‌హీట్‌కి పడిపోయింది. మన లెక్కలో మైనస్ 33. ఆ రోజు రాష్ట్రంలో పోస్టు కూడా పంచలేదు. ఆ చలి తగ్గిన వారానికి మా పడగ్గది సీలింగ్ మీద టీ ఒలికినట్టు ఒక మరక వచ్చింది. కప్పు కారుతోందనుకుని ఒక రూఫింగ్ కంపెనీని పిలిచాను. వచ్చినాయన నిచ్చెన వేసుకుని పైకెక్కి చూసి, షింగిల్స్ బాగానే ఉన్నాయి, మీ అటకకి గాలి చాలడం లేదు, అందుకే లోపల తేమ పట్టింది అన్నాడు. పైన ఒక కరెంటు ఫ్యాను పెడితే తేమంతా బయటికి లాగేస్తుందన్నాడు. 600 డాలర్లు తీసుకుని పెట్టి వెళ్లాడు. ఆ తర్వాతి చలికాలం పెద్దగా ఏమీ కాలేదు. డబ్బు పోతే పోయింది, టెన్షన్ తీరిందనుకున్నాను.

ఆయన చెప్పిన దాంట్లో సగం నిజం. మిగతా సగం నాకు రెండేళ్ల తర్వాత అర్థమైంది.

అమ్మ గిన్నె పెట్టిన రోజు సాయంత్రం మొదటిసారి అటక ఎక్కాను. నాలుగేళ్లు ఆ ఇంట్లో ఉండి ఒక్కసారీ ఎక్కలేదంటే సిగ్గుగా ఉంటుంది కానీ, ఇక్కడి అటక మన అటక లాంటిది కాదు. మన ఇళ్లలో అటకంటే ఊరగాయ జాడీలు, పెళ్లినాటి బిందెలు, సంక్రాంతికి దింపే ఇత్తడి సామాను. ఇక్కడ ఆటిక్ అంటే సీలింగుకీ కప్పుకీ మధ్య మిగిలిన చీకటి కొట్టు. అటక, ఆటిక్ వినడానికి అక్కచెల్లెళ్లలా ఉంటాయి, చుట్టరికం మాత్రం లేదు. బట్టల అల్మరా గదిలో పైన ఒక చతురస్రం మూత ఉంటుంది, దాన్ని తలతో ఎత్తి లోపలికి దూరాలి. నేల ఉండదు. చెక్క దూలాల మీదే కాలు వేయాలి, ఇంటి వేడి పోకుండా వాటి మధ్య పరిచిన ఫైబర్‌గ్లాస్ దూది కింద ఉండేది అరంగుళం డ్రైవాల్, అంటే సీలింగ్ కోసం బిగించిన జిప్సం పలక మాత్రమే.

తలకి కట్టుకున్న లైటు పైకి తిప్పగానే ఆగిపోయాను. షింగిల్స్ కోసం కొట్టిన మేకుల మొనలు కప్పు చెక్కలోంచి వేలకొద్దీ లోపలికి పొడుచుకుని ఉన్నాయి. ప్రతి మొనకీ ఒక తెల్లటి మంచు పూస. ఉత్తరం వైపు ప్లైవుడ్ అంతా మన పాత ఫ్రిజ్‌లలో ఫ్రీజర్ గోడకి పేరుకున్నట్టు మంచు. దక్షిణం వైపు ఎండ తగిలి అది కరుగుతోంది. టప్ టప్‌మని చప్పుడు. అంటే కప్పు కారడం లేదు. ఆ నీళ్లు బయటివి కానే కావు. ఈ నీళ్లన్నీ మా ఇంట్లోంచే ఆవిరిగా పైకి వచ్చి, అక్కడ మంచుగా గడ్డకట్టి, ఎండ రాగానే మళ్లీ మా మీదే కురుస్తున్నాయి. ఇక్కడి వాళ్లు దీనికి 'అటక వాన' అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు. అంటే ఈ బాధ మా ఒక్కరిదే కాదన్నమాట.

ఆ చలికాలమే ఎందుకు ఇంత ముదిరిందో లెక్క వేసుకుంటే ఆశ్చర్యమేమీ లేదు. అమ్మా నాన్నా 2020 ఫిబ్రవరిలో వచ్చి కోవిడ్‌తో ఇరుక్కుపోయారు, రెండుసార్లు ఎక్స్‌టెన్షన్ పెట్టాం. మేమిద్దరం ఇంట్లోంచే ఆఫీసు పని, పిల్లలిద్దరికీ ఇంట్లోనే స్కూలు. ఆరుగురు మనుషులు ఇరవైనాలుగు గంటలూ లోపలే. పొద్దున్న ఇడ్లీ, మధ్యాహ్నం రెండు కుక్కర్లు, సాయంత్రం టీలు. డ్రయ్యర్‌లో వేస్తే బట్టలు పాడైపోతాయని అమ్మ హాల్లోనే దండెం కట్టి ఆరేసేది. నాన్నకి చలికి ముక్కు ఎండిపోతోందని గాలిలో తేమ పెంచే హ్యుమిడిఫయర్‌ని నేనే 45 శాతం మీద పెట్టాను. పొయ్యి మీద ఉన్న మైక్రోవేవ్ ఫ్యాను పొగని పీల్చి, జాలీలోంచి వడగట్టి, మళ్లీ మన మొహానే ఊదే రకం. ఫిబ్రవరి రెండో వారమంతా రాత్రుళ్లు బయట సున్నా ఫారన్‌హీట్‌కి దిగువన చలి. ఆవిరికి పైకి పోవడం తప్ప వేరే దారేముంది?

తర్వాత తెలిసింది, ఇక్కడ చలి ఎంత ముదిరితే ఇంట్లో తేమ అంత తగ్గించుకోవాలట. బయట 20 ఫారన్‌హీట్ దాటి ఉంటే 40 శాతం వరకూ ఫరవాలేదు. సున్నాకి కాస్త పైన ఉంటే 30. మైనస్ 10 కంటే దిగజారితే 20కి మించకూడదు. నేను పెట్టింది 45. నాన్న ముక్కు సంగతి తర్వాత కొబ్బరినూనెతో సర్దుకుంది.

ఈసారి రూఫింగ్ వాళ్లని పిలవలేదు. ఏప్రిల్‌లో ఇళ్ల ఎనర్జీ ఆడిట్ చేసే, అంటే ఇంటి వేడి ఎక్కడ కారిపోతోందో పరీక్షించే ఒకావిడని పిలిచాను. ఆవిడ ముందు గేరేజీలో గ్యాస్ బిల్లులు అడిగింది, తర్వాత మా ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది, ఆ తర్వాతే అటక ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే కప్పు వైపు చూడలేదు, కిందికి చూసింది. గులాబీ రంగు ఫైబర్‌గ్లాస్ మీద అక్కడక్కడా ఉన్న నల్లటి మచ్చల్ని చూపించి, ఇవేమిటో తెలుసా అంది. ఎలుకలనుకున్నాను. కాదట. ఇంట్లో గాలి సందుల్లోంచి పైకి వెళ్తూ ఆ దూదిలో వడకట్టుకుని వదిలిన దుమ్ము. ఎక్కడ నలుపుంటే దాని కింద కన్నం ఉన్నట్టు. అన్నిటికంటే నల్లటి మచ్చ సరిగ్గా మా దేవుడి గది మీద ఉంది. ఆ గదిలో సీలింగ్‌లోకి గుచ్చిన చిన్న డబ్బా లైటు ఒకటుంది, దాని చుట్టూ వేలు పట్టేంత సందు. రోజూ రెండు పూటలా దీపం, అగరొత్తులు, శనివారం కర్పూరం. నాలుగేళ్ల పూజ అక్కడ జమయ్యి ఉంది.

రెండో పెద్ద కన్నం వంటింటి పైన. ఎనభైల్లో కట్టిన ఇళ్లలో వంటింటి అల్మరాల పైన సీలింగ్‌ని ఒక అడుగు కిందికి దించి పెట్టెలా కట్టేవారు. కింద నుంచి చూస్తే ముద్దుగా ఉంటుంది. పైనుంచి చూస్తే ఆ పెట్టెకి మూత లేదు, మీద దూది పరిచి వదిలేశారు. మా ఇడ్లీ కుక్కర్ ఆవిరికి అది రాజమార్గం. మూడోది ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ పొగగొట్టం చుట్టూ, కింద బేస్‌మెంట్ నుంచి అటక దాకా తిన్నగా వచ్చే సొరంగం. నాలుగోది స్నానాలగది ఫ్యాను. దాని గొట్టం కప్పులోంచి బయటికి పోవాల్సింది, ఊడిపోయి అటకలోనే నోరు తెరుచుకుని పడి ఉంది. నాలుగేళ్లుగా ఇంటిల్లిపాది వేడినీళ్ల స్నానాల ఆవిరినంతా మేమే స్విచ్ వేసి మరీ అటకలోకి పంపించాం.

ఆవిడ వీధి తలుపుకి గుడ్డ కట్టి అందులో పెద్ద ఫ్యాను బిగించి, ఇంట్లో గాలిని 50 పాస్కల్స్ ఒత్తిడి తేడా వచ్చేదాకా బయటికి లాగింది. దీన్ని బ్లోయర్ డోర్ అంటారు. ఇంటికెన్ని చిల్లులున్నాయో దీంతో ఒక అంకెలో తేలుతుంది. మాది నిమిషానికి 3,150 ఘనపుటడుగులు. వేడి తేడా చూపే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో గోడలు, సీలింగ్ కలిసే చోటల్లా నీలి చారలు, అంటే చల్లగాలి దూరే సందులు.

అప్పుడు నేను గర్వంగా మా ఫ్యాను గురించి చెప్పాను. ఆవిడ నవ్వలేదు, అదే నయం. ఫ్యాను వెయ్యమని, ఒక అగరొత్తి అడిగి తెచ్చుకుని బేస్‌మెంట్‌లో గ్యాస్ వాటర్ హీటర్ పొగగొట్టం మూతి దగ్గర పట్టుకుంది. పొగ గొట్టంలోకి పోవాలి కదా, వెనక్కి తిరిగి గదిలోకి వచ్చింది. నా ఒళ్లు చల్లబడింది. పైన ఫ్యాను గాలిని బయటికి తోస్తుంటే అంత గాలీ ఎక్కడి నుంచో లోపలికి రావాలి. చూరు కింద నుంచి రావాలి, కానీ అక్కడ దారి మూసుకుపోయింది. కాబట్టి అది మా సీలింగ్ సందుల్లోంచి ఇంటి గాలినే లాగుతోంది. వెచ్చని, తడి గాలిని. అంటే 600 డాలర్లు పెట్టి మంచు తయారుచేసే మెషీన్ కొనుక్కున్నాను, పైగా వాటర్ హీటర్ కార్బన్ మోనాక్సైడ్‌ని ఇంట్లోకి వెనక్కి లాగే ప్రమాదం అదనం. ఆ సాయంత్రమే ఫ్యాను బ్రేకర్ ఆపేసి, ప్రతి అంతస్తుకీ ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం కొన్నాను.

అమ్మకి ఇదంతా చెప్తే, "నేను మొదట్నించీ అంటూనే ఉన్నా, ఇల్లన్నాక గాలి ఆడాలిరా. మన ఊళ్లో పొయ్యి పొగ పెంకుల సందుల్లోంచి పోయేది, ఎన్నడైనా చెమ్మ పట్టిందా?" అంది. పెంకుటింటికి ఆ మాట నిజమే. అక్కడ లోపలా బయటా ఒకటే వేడి, గాలి ఎటు పోయినా నష్టం లేదు. ఇక్కడ లోపల 70, బయట మైనస్ 15. ఈ చలిదేశంలో పని రెండు ముక్కలుగా చేయాలి. సీలింగ్‌కి కింద ఉన్న ఇల్లు డబ్బాలా బిగుతుగా ఉండాలి, సీలింగ్‌కి పైన ఉన్న అటక మన పెంకుటిల్లులా బయటి గాలికి బార్లా తెరిచి ఉండాలి. చలికాలంలో అటక వెచ్చగా ఉంటే మంచిదేననుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. అది బయట ఎంత చల్లగా ఉందో దాదాపు అంత చల్లగా ఉండాలట. అటక వెచ్చబడితే కప్పు మీద పడిన మంచు కరిగి, చూరు దగ్గరికి జారి, అక్కడ మళ్లీ గడ్డకట్టి ఆనకట్ట కడుతుంది. చూరుకి వేలాడే మంచుసూదుల్ని చూసి పిల్లలతో ఫొటోలు దిగేవాళ్లం. అవి ఇంటి వేడి కారిపోతున్న గుర్తులు.

కాబట్టి వరుస ఇది: ముందు సీలింగ్ కన్నాలు మూయడం, తర్వాత చూరు తెరవడం, తర్వాత పైన దారి సరిచేయడం, చివరికి ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే దూది పరవడం. చాలామంది చివరిది ముందు చేసేసి, మిగతా మూడూ కిలోలకొద్దీ దూది కింద పూడ్చిపెట్టేస్తారు.

ఆగస్టులో అమ్మావాళ్లు ఇండియా వెళ్లారు. సెప్టెంబరులో పని మొదలుపెట్టాను. వేసవిలో ఈ అటకలోకి వెళ్లడం ఆత్మహత్యతో సమానం, చలికాలంలో ఫోము అంటుకోదు. దూది ముట్టుకునే ముందు ఒకటి చూసుకోవాలని ఆడిట్ ఆవిడ హెచ్చరించింది: పాత ఇళ్లలో బూడిదరంగులో, అభ్రకం రవ్వల్లా మెరిసే గుళికలుంటే అది వర్మిక్యులైట్ అనే ఖనిజం. 1990లో మూతపడిన మొంటానాలోని లిబ్బీ గని నుంచి వచ్చిన సరుకైతే అందులో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్బెస్టాస్ ఉంటుంది, వేలు కూడా పెట్టకూడదు. మాది మామూలు ఫైబర్‌గ్లాసే, బతికిపోయాం.

మూడు శనివారాలు కన్నాలు మూయడానికే సరిపోయాయి. మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా వేసుకున్నా మెడ దగ్గర దురద రెండ్రోజులు వదలదు.  ఎవరూ చెప్పని సంగతి ఇది. దూదిని పక్కకి దొర్లించి, గోడల పైదూలానికీ డ్రైవాల్‌కీ మధ్య సందు వెంట ఫోము డబ్బాలతో ఒక గీత గీసుకుంటూ పోవడం, కరెంటు వైర్లు దిగే ప్రతి కన్నమూ పూడ్చడం. వంటింటి పెట్టె మీద గట్టి ఫోము పలక కోసి మూత పెట్టి అంచులన్నీ అతికించాను. దేవుడి గది లైటు తీసేసి, గాలి చొరబడని కొత్త రకం పెట్టాను. పొగగొట్టం చుట్టూ మాత్రం ఫోము వాడకూడదు, అది కాలుతుంది. అక్కడ గొట్టానికి తగినట్టు రేకు కత్తిరించి బిగించి, సందుకి నిప్పుకి తట్టుకునే కాక్ అనే ముద్ద పూశాను. ఇన్సులేషన్ కూడా దానికి దూరంగా ఉండేలా చుట్టూ రేకుతో గోడ కట్టాను. అటక మూతకి అంచుల్లో రబ్బరు పట్టీ, పైన మందమైన ఫోము పలక. మూత సంగతి అందరూ మర్చిపోతారు. మూత సన్నగా ఉంటే మిగతా అంతా చేసి తలుపు తీసి పెట్టినట్టే.

రెండో శనివారం కాలు జారింది. మోకాలి దాకా డ్రైవాల్‌లోంచి కిందికి దిగిపోయింది. కింద మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది. కేకలు పెడుతుందనుకున్నాను. కాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత నెమ్మదిగా, "ఏవండీ, దిగడానికి మెట్లున్నాయి కదా" అని వినిపించింది. ఆ అతుకు ఇప్పటికీ పెద్దమ్మాయి గది సీలింగ్‌లో కనిపిస్తుంది, రంగు సరిగ్గా కలవలేదు.

స్నానాలగది ఫ్యానుకి ఇన్సులేషన్ చుట్టిన కొత్త గొట్టం వేసి, తిన్నగా కప్పులోంచి బయటికి తీయించాను. కొందరు ఆ గొట్టాన్ని చూరు దాకా లాగి అక్కడ వదిలేస్తారు. అలా చేస్తే బయటికి పోయిన ఆవిరిని పక్కనే ఉన్న కన్నాలు మళ్లీ లోపలికి పీల్చుకుంటాయి.

ఇక చూరు. బయట నుంచి చూస్తే మా చూరు కింద అంతా చిల్లుల అల్యూమినియం పలకలే, గాలికి లోటేమిటి అనుకునేవాణ్ణి. ఆ రూఫింగ్ ఆయనా అలాగే అనుకుని ఉంటాడు. కానీ అటకలో బోర్లా పడుకుని చివరిదాకా పాకి లైటు ఆర్పితే, పట్టపగలు కూడా ఒక్క వెలుగు చుక్క కనిపించలేదు. కిందికి వచ్చి ఒక పలక ఊడదీస్తే గుట్టు బయటపడింది. ఇల్లు కట్టినప్పుడు వేసిన ప్లైవుడ్ చూరు అలాగే ఉంది. తర్వాత ఎవరో రంగులు వేసే బాధ తప్పించుకోవడానికి దాని మీద చిల్లుల అల్యూమినియం తొడిగారు, లోపలి ప్లైవుడ్ కోయకుండానే. గోడకి కిటికీ బొమ్మ వేసినట్టు. ఇంటికి రెండు వైపులా, 48 అడుగుల పొడవునా ఇదే తంతు.

ఇక్కడ లెక్క చెప్పాలి. ఇక్కడి కోడ్, అంటే ఇళ్లు కట్టే నిబంధనల ప్రకారం అటక నేల వైశాల్యంలో 150వ వంతు గాలి దారి ఉండాలి. మా లాంటి చలిప్రాంతంలో సీలింగ్‌కి లోపలివైపు ఆవిరి ఆపే ప్లాస్టిక్ పొర ఉండి, ఆ దారిలో 40 నుంచి 50 శాతం పైన కొప్పు దగ్గర, మిగతాది కింద ఉంటే 300వ వంతు చాలు. మా అటక 48 బై 26, అంటే 1,248 చదరపు అడుగులు. 300తో భాగిస్తే నాలుగు చదరపు అడుగుల పైచిలుకు, దాదాపు 600 చదరపు అంగుళాలు. సగం కింద, సగం పైన. ఇది గాలి నిజంగా దూరే ఖాళీ లెక్క, జాలీ, రేకు మినహాయించి. ఆ అంకె గాలి పోవడానికి బిగించే ప్రతి వెంట్ డబ్బా మీదా రాసి ఉంటుంది. మా కప్పు మీద ఒక్కోటి 50 అంగుళాల చొప్పున నాలుగు పెట్టె వెంట్లున్నాయి, అంటే 200. ఫ్యాను పీకేసి దాని కన్నంలో ఒకటి, పక్కన ఇంకొకటి పెట్టిస్తే 300. ఎక్కువ తక్కువలు వస్తే కింద ఎక్కువ ఉండాలి, పైన ఎక్కువ ఉండకూడదు. పైన ఎక్కువైతే మళ్లీ ఇంట్లోంచే లాగుతుంది.

ఈ 300 ఎక్కడిదా అని తవ్వితే సరదా సంగతి తెలిసింది. 1930ల చివర్లో ఇళ్లలో చెమ్మ గురించి ఫ్రాంక్ రౌలీ అనే ప్రొఫెసర్ చేసిన ప్రయోగాలు దీని వెనకున్నాయి, అవి జరిగింది ఇక్కడే, మిన్నెసోటా యూనివర్సిటీలో. 1942లో ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ అనే ప్రభుత్వ సంస్థ తన కనీస ప్రమాణాల్లో ఆ అంకె పెట్టింది, అది అప్పట్నించీ అలా కోడ్ నుంచి కోడ్‌కి నడిచొచ్చింది. నా మటుకు నేను దాన్ని వేదవాక్కుగా తీసుకోను. సీలింగ్ కన్నాలు మూయకపోతే 300 కాదు 100వ వంతు పెట్టినా మేకుల మీద మంచు పూస్తుంది.

అల్యూమినియం పలకలన్నీ వరసగా ఊడదీసి, ప్లైవుడ్‌లో ప్రతి రెండు వాసాల మధ్యా ఒక పొడుగాటి గండి కోసి, మళ్లీ పలకలు ఎక్కించాం. మాకు పక్క వీధిలో ఉండే గుంటూరు అన్న ఒకాయన సాయం వచ్చాడు. ఆయనకి డెక్ కట్టిన అనుభవం ఉంది, రంపం ఆయన చేతిలో మాట వింటుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు కానీ, ఆ రోజు మధ్యాహ్నం మా ఇంట్లో పప్పుచారు అన్నం తిన్నాక ఆయన చేసిన మొదటి పని అదే. "ఒక్కో పక్క ఇరవైనాలుగు ఖాళీలు తమ్ముడూ, మొత్తం నలభై ఎనిమిది చూట్‌లు కావాలి" అన్నాడు.

చూట్ అంటే ఒక పలచటి ప్లాస్టిక్ దోనె. చూరు గండిలోంచి వచ్చిన గాలి ఇన్సులేషన్‌లో ఇరుక్కోకుండా, కప్పు చెక్కని ఆనుకుని పైకి పోవడానికి దీన్ని వాసాల మధ్య స్టేపుల్ చేస్తారు. కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి, మేము రెండు అంగుళాలు ఇచ్చేవి తెచ్చాం. దోనె కింద చివర గోడ మీద ఒక ఫోము ముక్క అడ్డం పెట్టాలి, లేకపోతే గాలి నేరుగా దూదిలోకి ఊది దాని బలం తీసేస్తుంది. చెప్పడానికి రెండు వాక్యాలే. చేయడానికి చూరు మూలలో కప్పు ఎత్తు అడుగు కూడా ఉండదు, పొట్ట మీద పాకుతూ, తల మీద మేకుల మొనలతో, చెయ్యి చాచి స్టేప్లర్ నొక్కాలి. నెత్తిన మూడు గాట్లు పడ్డాక సైకిల్ హెల్మెట్ పెట్టుకున్నాను. ఆ బుద్ధి మొదటే రావాల్సింది. నలభై ఎనిమిదోది కొట్టాక లైటు ఆర్పి చూశాను. చూరు పొడవునా వరసగా సన్నటి వెలుగు. దీపావళి ఇంకా నెల ఉంది, మాకు ముందే వచ్చింది.

పైన వెంట్ల పని ఒక చిన్న రూఫర్‌కిచ్చాను, కప్పు మీద నడిచే ధైర్యం నాకు లేదు. ఫ్యాను తీసి పక్కన పెడతానంటే, ఉంచుకోవచ్చు కదా రెండూ పనిచేస్తాయన్నాడు. పనిచేయవు. కొప్పు దగ్గర వెంట్ల పక్కనే ఫ్యాను తిరిగితే అది ఆ వెంట్లలోంచే గాలి పీల్చి బయటికి తోస్తుంది, చూరు నుంచి ఏమీ రాదు. మంచు పడేటప్పుడు ఆ మంచునీ లోపలికి లాగుతుంది. పక్క గోడ త్రికోణంలో ఉన్న పాత జాలీని కూడా అందుకే లోపలి నుంచి మూయించాను.

చివరికి అక్టోబరు రెండో వారంలో ఇన్సులేషన్. కాగితం పొట్టు లాంటి సెల్యులోజ్ బస్తాలు ఇన్ని కొంటే స్టోరు వాళ్లు ఊదే మెషీన్ అద్దె లేకుండా ఇస్తారు. కింద డ్రైవ్‌వేలో మా ఆవిడ బస్తాలు పగలగొట్టి పోయడం, పైన నేను గొట్టం పట్టుకోవడం. అణిగాక 14 అంగుళాలుంటే ఆర్-49 వస్తుంది (వేడిని ఎంత ఆపుతుందో చెప్పే కొలత), ఇక్కడి కోడ్ అడిగేది అదే. నాలుగు గంటల్లో అయిపోయింది. నెల రోజుల పనిలో బయటివాళ్లు మెచ్చుకునే భాగం ఇదొక్కటే, నిజానికి అన్నిటికంటే సులువైనదీ ఇదే. వంటింటి ఫ్యానుని కూడా మార్చి, గోడలోంచి బయటికి గొట్టం వేయించాం. తాలింపు పెట్టినప్పుడు అలారం మోగడం ఆగింది, అది బోనస్. ఫ్యాను తీయించడం, వెంట్లు, వంటింటి గొట్టం కలిపి అంతా 2,900 డాలర్లు దాకా అయ్యింది.

మళ్లీ బ్లోయర్ డోర్ పెట్టించాం. 3,150 ఉన్నది 2,240కి దిగింది. ఆవిడ అగరొత్తి అడక్కముందే తెచ్చిచ్చాను. వాటర్ హీటర్ పొగ ఈసారి బుద్ధిగా గొట్టంలోకే పోయింది. ఈ పరీక్ష మానేయొద్దు. ఇల్లు బిగించాక పాత పొగగొట్టాలు ఎదురు తిరిగే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

డాలస్‌లో ఉండే మా బావమరిది ఇదంతా విని, తన అటకకీ ఇలాగే చేస్తానన్నాడు. ఆగమన్నాను. అక్కడ అటక వేసవిలో పొయ్యిలా కాలుతుంది, పైగా ఏసీ గొట్టాలు, మెషీనూ అందులోనే ఉంటాయి. ఆ గొట్టాల అతుకులు కారుతుంటే ముందు అవి బాగుచేయాలి. గాలి దారులు పెంచితే ఏసీ బిల్లు సగమవుతుందని అమ్మేవాళ్లు చెప్తారు కానీ, బాగా ఇన్సులేషన్ ఉన్న సీలింగ్‌కి దానివల్ల కలిసొచ్చేది కొంచెమే. కరెంటు ఫ్యాను మాత్రం అక్కడా పెట్టొద్దన్నాను, ఏసీ గాలినే లాగేస్తుంది. ఆ మాట విన్నాడు.

2022 జనవరిలో బయట మైనస్ 9 ఉన్న ఒక పొద్దున అటకలో పెట్టిన థర్మామీటర్ మైనస్ 3 చూపించింది.  ఇంట్లో తేమ 27 శాతం. మూత ఎత్తి తల దూర్చి లైటు వేశాను. మేకులు మేకుల్లాగే ఉన్నాయి, పొడిగా, గోధుమరంగులో. తేమ మీటరు గుచ్చితే కప్పు చెక్క 12 శాతం. ఏప్రిల్‌లో ఆడిట్ ఆవిడ గుచ్చినప్పుడు ఉత్తరం వైపు 24 ఉంది. బయటికి వచ్చి చూస్తే మా కప్పు మీద మంచు దుప్పటి పరిచినట్టు చివరిదాకా సమంగా ఉంది. ఎదురింటి వాళ్ల కప్పు మీద మాత్రం సీలింగ్ లైట్లు ఎక్కడెక్కడున్నాయో వరసగా చెప్పేయొచ్చు, మంచు గుండ్రంగా కరిగి.

అమ్మకి వీడియో కాల్‌లో అటక చూపించాను. కాసేపు చూసి, "ఇంత చోటు ఖాళీగా వదిలేశారేంట్రా, డబ్బాలవీ పైన పెట్టుకోవచ్చు కదా" అంది. ఆ 14 అంగుళాల దూది అణిగితే పనికిరాదని చెప్పాను. ఒప్పుకున్నట్టు లేదు.

వాయవ్యం మూల, స్నానాలగది మీద, మూడు మేకులకి మాత్రం ఇంకా కాస్త మంచు పడుతోంది. అక్కడ గోడ పైదూలం చూరుకి మరీ దగ్గర, నా చెయ్యి అందలేదు. గుంటూరు అన్న చెయ్యి నాకంటే పొడుగు. సెప్టెంబరులో వస్తానన్నాడు, పప్పుచారు పెడితే.